పడుకున్నా పడుకోని రక్తపుపోటు

పగటి పరీక్షకు చిక్కదు... గురకతో, ఉప్పుతో, నడుము కొలతతో దీనికి చుట్టరికం

రాత్రి మనిషి పడుకుంటే అతనితోపాటు ఒంట్లోని రక్తపుపోటు కూడా పడుకోవాలి. పగలు చేలో, చెరువు గట్టున, బజారులో తిరిగేటప్పుడు ఉండే పోటులో పదో వంతు మొదలు ఐదో వంతు దాకా నిద్రలో తగ్గడం ఆరోగ్యవంతుల లక్షణం. తెల్లవారి లేచే వేళకు అది మళ్లీ పుంజుకుంటుంది. కొందరిలో ఇది తగ్గదు. ఇంకొందరిలో తగ్గకపోగా పగటి కంటే పెరుగుతుంది. అలాంటివారు పగలు ఆసుపత్రికి వెళ్లి చూపించుకుంటే అంకె మామూలుగానే కనిపించవచ్చు. 'నాకేం బి.పి. లేదండీ, మొన్ననే చూపించుకున్నాను' అని ధీమాగా చెప్పేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారు చూపించుకున్నది పగటి పోటు మాత్రమే!

నలభై దాటి అరవై లోపు వయసువారికి ఈ సంగతి మరీ ముఖ్యం. పొట్ట ముందుకు రావడం, చక్కెర జబ్బు తొంగిచూడడం, గురక మొదలవడం అన్నీ సాధారణంగా ఈ వయసులోనే. ఈ మూడింటికీ రాత్రి పోటుతో సంబంధం ఉందని వైద్యశాస్త్రం చెబుతోంది.

ఉదాహరణకు ఇద్దరు రైతులను తీసుకుందాం. ఇద్దరికీ పగటి సగటు పోటు, అంటే పై అంకె, 130. ఒకరికి నిద్రలో అది 112కు దిగింది. రెండో ఆయనకు 126 దగ్గరే ఆగిపోయింది. లెక్క ప్రకారం 130 ఉన్నవారికి రాత్రి 104 నుంచి 117 మధ్యకు రావాలి. మొదటాయన ఆ హద్దులో ఉన్నాడు. రెండో ఆయన గుండె, మెదడు నరాలు, మూత్రపిండాలు రాత్రి కూడా పగటి పనే చేస్తున్నాయి. డాక్టరు గదిలో మాత్రం ఇద్దరి చీటీ మీదా ఒకే అంకె! మన ఆసుపత్రుల్లో 140/90 దాటితే రక్తపుపోటు అంటారు. నిద్రలో హద్దు ఇంకా కింద ఉంటుంది. రాత్రి సగటు 120/70 లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ కిందే లెక్క.

డబ్లిన్‌లో కనిపెట్టారు

రాత్రి పోటు తగ్గేవారిని, తగ్గనివారిని రెండు జట్లుగా విడదీసి చూపించింది ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని డాక్టర్ ఓయిన్ ఒబ్రయన్ బృందం. అది 1988. వారు పరిశీలించిన 123 మంది రోగుల్లో 21 మందికి రాత్రి పోటు సరిగా తగ్గలేదు. ఆ 21 మందిలో దాదాపు ప్రతి నలుగురికి ఒకరు అప్పటికే పక్షవాతం బారిన పడినవారు. తగ్గినవారిలోనైతే నూటికి ముగ్గురే. చిన్న లెక్కే అయినా ప్రపంచమంతా అటు చూసింది.

విశేషమేమంటే అదే 1988లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ జెరాల్డ్ రీవెన్ మరో సంగతి బయటపెట్టారు. రక్తంలో చక్కెర పెరగడం, చెడు కొవ్వులు పెరిగి మంచి కొవ్వు తగ్గడం, రక్తపుపోటు... ఇవి వేర్వేరు జబ్బుల్లా కనబడినా ఒకే మనిషిలో గుంపుగా చేరుతున్నాయని, శరీరం ఇన్సులిన్ మాట వినకపోవడమే వీటి వేరు అని ఆయన వాదించారు. ఆ గుంపులో పొట్ట చుట్టూ కొవ్వు కూడా తరువాత చేరింది. ఈ రెండు దారులూ ఒకచోట కలుస్తాయని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇన్సులిన్ మాట వినని శరీరాల్లోనే రాత్రి పోటు కూడా తగ్గక మొరాయించడం ఎక్కువ.

జపాన్ పల్లె చెప్పిన సాక్ష్యం

ఇవన్నీ నగరాల్లో కూర్చుని తినేవారి జబ్బులని, చేలో పనిచేసేవారికి రావని అనుకోవడం మనలో ఉంది. జపాన్‌లో దీన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది పల్లెటూళ్లోనే. ఆ దేశపు ఈశాన్య భాగంలో ఇవాతే ప్రాంతంలో ఒహసామా అని ఒక చిన్న వ్యవసాయ పట్టణం ఉంది. 1986లో మొదలుపెట్టి అక్కడి జనానికి రక్తపుపోటు చూస్తూ వచ్చారు. జబ్జకు కట్టిన పట్టీ, నడుముకు వేలాడే చిన్న పెట్టె. రాత్రీ పగలూ ఇరవైనాలుగు గంటలూ అదే ఉబ్బి, అదే కొలిచి, అదే రాసుకుంటుంది. అలా కొలిపించుకున్న నలభై ఏళ్లు, ఆ పైబడిన 1,542 మందిని సగటున తొమ్మిదేళ్లకు పైగా వెన్నంటి చూసి 2002లో ఫలితం ప్రకటించారు.

రాత్రి తగ్గాల్సిన పోటు ప్రతి 5 శాతం తక్కువగా తగ్గితే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు సుమారు 20 శాతం పెరుగుతోందని అందులో తేలింది. అంతకంటే ఆలోచించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఇరవైనాలుగు గంటల సగటు పోటు మామూలుగా ఉన్నవారిలో కూడా, రాత్రి తగ్గకపోతే ఆ ముప్పు తప్పలేదు.

మన గోదావరి జిల్లాల సంగతేమిటి? ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాలను ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్లే. అంటే ఆ ఊళ్లలో ప్రతి మూడు పాడెల్లో దాదాపు ఒకటి. అదే కార్యక్రమం కింద ముప్పై ఏళ్లు దాటినవారికి రక్తపరీక్షలు చేస్తే దాదాపు 13 శాతం మందికి చక్కెర జబ్బు బయటపడింది. వారిలో సుమారు సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు! పచ్చని పైరు చూసి పల్లె ఆరోగ్యంగా ఉందనుకుంటే పొరపాటే.

ఎందుకు తగ్గదు?

కారణాల్లో మొదట చెప్పుకోవలసింది ఉప్పు. తిన్న ఉప్పులో ఒంటికి అక్కర్లేనిదాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. ఉప్పు ఎక్కువై, మూత్రపిండాల శక్తి తక్కువైతే పగలు ఆ పని పూర్తి కాదు. పల్లపు చేలో నీరు పగలంతా తోడినా దిగకపోతే రాత్రి కూడా ఇంజను ఆడించక తప్పదు కదా. శరీరమూ అదే చేస్తుంది. మిగిలిన ఉప్పును తోసేయడానికి రాత్రి కూడా పోటును తగ్గనివ్వదు. ఇన్సులిన్ పనితీరు చెడినవారిలో మూత్రపిండాలు ఉప్పును మరింత పట్టి ఉంచుతాయి. అందుకే పొట్ట, చక్కెర ఉన్నవారికి ఉప్పు రెండింతల చేటు.

రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం వెనుక కూడా చాలామందిలో ఈ ఉప్పే ఉంది. 'వయసు వచ్చింది కదా' అని, మగవారైతే 'ప్రోస్టేటు' అని సరిపెట్టుకుంటారు. అవీ కారణాలే. చక్కెర జబ్బు మరో కారణం. అయితే జపాన్‌లోని నాగసాకిలో పరిశోధకులు అలా లేచే 223 మంది చేత ఉప్పు తగ్గింపజేశారు. రోజుకు 10.7 గ్రాములు తినేవారు 8 గ్రాములకు దిగారు. రాత్రికి సగటున 2.3 సార్లు లేచేవారు 1.4 సార్లకు వచ్చారు. ఈ ఫలితాలు 2017లో వెల్లడయ్యాయి. మందు లేదు, మాకు లేదు. కూరలో చెయ్యి తగ్గించారు, అంతే.

ఉప్పు తగ్గిస్తే రాత్రి పోటు కూడా దిగివస్తుందా అన్నదానికీ జవాబు ఉంది. రాత్రి పోటు తగ్గని రోగులకు ఉప్పు బాగా తగ్గించిన తిండి పెట్టి చూస్తే వారిలో రాత్రి తగ్గుదల తిరిగి వచ్చిందని 1997లోనే జపాన్ వైద్యులు చూపించారు.

చక్కెర జబ్బు ఏళ్ల తరబడి అదుపు తప్పితే అరికాళ్ల నరాలతోపాటు గుండె వేగాన్ని, పోటును నడిపే నరాలూ దెబ్బతింటాయి. అప్పుడు నిద్ర వచ్చినా ఆ కబురు గుండెకు అందదు. బాల్యంలోనో యవ్వనంలోనో చక్కెర జబ్బు వచ్చినవారిని స్పెయిన్‌లో పరిశీలిస్తే, మూత్రంలో మాంసకృత్తులు పోవడానికి ముందే రాత్రి పోటు పెరగడం కనిపించింది. ఈ సంగతి 2002లో ప్రచురితమైంది. అంటే మూత్రపిండం చెడక ముందే రాత్రి పోటు కబురు పంపుతోందన్నమాట.

గురక గాఢనిద్ర కాదు

గురక పెట్టి పడుకుంటే 'ఎంత హాయిగా నిద్రపోతున్నాడో' అంటారు ఇంట్లోవారు. అసలు సంగతి వేరు. మెడ చుట్టూ కొవ్వు చేరినవారిలో నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకు చాలా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి ఒళ్లంతటినీ లేపుతుంది. ఒక్కసారిగా గురక పెద్దదై, గాలి పీల్చుకుని మళ్లీ పడుకుంటాడు. మనిషికి మెలకువ వచ్చినట్టు కూడా తెలియదు. రాత్రికి ఇలా పదులసార్లు జరిగితే ప్రతిసారీ పోటు ఎగదన్నుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి పోటు పడుకోవడం ఎక్కడిది!

దీన్ని పట్టుకోగలిగేది పక్కన పడుకున్న భార్యే, లేదా భర్తే. గురక మధ్యలో ఆగి, కాసేపు నిశ్శబ్దమై, ఉక్కిరిబిక్కిరై మళ్లీ మొదలవుతోందా అన్నది గమనించాలి. పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగలు బస్సెక్కితే నిద్ర, మోటారు సైకిలు మీద కూడా కునుకు... ఇవి ఉంటే డాక్టరుకు చెప్పవలసిందే. రాత్రి మద్యం పుచ్చుకుంటే గొంతు కండరాలు ఇంకా సడలి పరిస్థితి ముదురుతుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కొంత మేలు చేస్తాయి. ముదిరినవారికి రాత్రిళ్లు ముక్కు ద్వారా గాలి పంపే యంత్రం పెడతారు.

నడుము కొలత విషయంలో ప్యాంటు సైజును నమ్మడానికి లేదు. పొట్ట వచ్చినవారు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటారు కాబట్టి పదేళ్లయినా సైజు మారదు! కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక, దర్జీ టేపుతో కొలవాలి. మన దేశస్థుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళాలు దాటితే పొట్ట పెరిగినట్టే. తెల్లవారికి పెట్టిన హద్దుల కంటే ఇవి తక్కువ. మనవాళ్లు సన్నగా కనిపించినా కొవ్వు పొట్టలోనే దాచుకుంటారు మరి.

నెలకు ఎన్ని పొట్లాలు?

రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చిన్న చెంచాడు. వంటింట్లో గ్రాములు తూచేవారు ఎవరూ ఉండరు. దానికి తేలిక లెక్క ఒకటుంది. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో పొట్లం నెలలో అయిపోతుంటే అక్కడే హద్దు దాటినట్టు. ఆవకాయకు, మాగాయకు విడిగా కొన్న కల్లుప్పు, ఎండుచేపల్లో ఉన్నది, అప్పడాల్లో, చల్లమిరపకాయల్లో, బజారు మిక్చరు పొట్లంలో ఉన్నది ఈ లెక్కలోకి రానేలేదు.

గోదావరి జిల్లాలో పుట్టి ఆవకాయ మానెయ్యమంటే ఎవరూ వినరు, వినాలని చెప్పడమూ న్యాయం కాదు. అయితే పచ్చడి వేసుకున్న పూట కూరలో ఉప్పు తగ్గించవచ్చు. అన్నం వండేటప్పుడు, మజ్జిగలో వేసే ఉప్పు మానవచ్చు. కంచం పక్కన ఉప్పు పెట్టుకునే అలవాటు పోవాలి. రాత్రి భోజనంలో ఎండుచేప, అప్పడం రెండూ ఉంటే ఆ రాత్రంతా మూత్రపిండాలకు ఇంజను పనే.

చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందితో జరిపిన పరీక్షలో మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపినది సగం గ్రామాలవారికి ఇచ్చారు. వారిలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. అలాంటి ఉప్పు మన దగ్గరా దొరుకుతోంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారు దాన్ని డాక్టరును అడగకుండా తాకకూడదు. వారికి పొటాషియం పేరుకుంటే గుండెకే ప్రమాదం.

ఉప్పు తర్వాత చెప్పుకోవలసింది ఒళ్లునొప్పుల బిళ్లలు. నాట్లు, కోతల రోజుల్లో రోజూ ఒకటి వేసుకునేవారున్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెడతాయి. బి.పి. మాత్ర పనిని తగ్గిస్తాయి. అసలే బలహీనపడ్డ మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. షాపులో అడిగి తెచ్చుకోవడం తేలిక గనుక దీన్ని మందు కింద లెక్కవేయరు. డాక్టరు అడిగినా చెప్పరు.

తెల్లవారేసరికి...

'రాత్రి భోంచేసి పడుకున్నాడు, తెల్లవారేసరికి మూతి వంకర పోయింది, చెయ్యి లేవలేదు' అన్న మాట వినని ఊరు లేదు. గుండెపోటు, పక్షవాతం తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం లోపే ఎక్కువగా వస్తాయి. నిద్రలో వచ్చిన పక్షవాతానికి మరో చిక్కు ఉంది. మెదడు నాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నిద్రలో వస్తే ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చివరిసారి ఎప్పుడు బాగున్నాడో అప్పటి నుంచే లెక్క. రాత్రి పదింటికి పడుకున్న మనిషిని ఉదయం ఆరింటికి చూస్తే అప్పటికే ఎనిమిది గంటలు గడిచినట్టు. అయినా మంత్రాలకు, పసర్లకు తిప్పకుండా తక్షణం 108ని పిలవడమే దారి. తల స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లాలి.

రాత్రి పోటు కొలిచే ఇరవైనాలుగు గంటల యంత్రం పెద్ద ఊళ్లలోని గుండె వైద్యుల దగ్గర ఉంటుంది. అందరికీ అది అక్కర్లేదు. చక్కెర జబ్బు, మూత్రపిండాల జబ్బు, పెద్ద గురక ఉన్నవారికి, మూడు రకాల మాత్రలు వేసుకున్నా పోటు లొంగనివారికి డాక్టరు అవసరమని చెబితే చేయించుకోవచ్చు. పట్టీ మాటిమాటికీ ఉబ్బుతుంటే నిద్ర చెడడం సహజం. ఒక్క రాత్రి తగ్గలేదని బెంబేలు పడనక్కర్లేదు. ఒకే మనిషికి ఒక రాత్రి తగ్గి మరో రాత్రి తగ్గకపోవడమూ ఉంది. ఐదో వంతుకు మించి తగ్గిపోవడం కూడా, ముఖ్యంగా మందులు వాడే వృద్ధులకు, మంచిది కాదు.

యంత్రం అందనివారు ఇంట్లో బి.పి. మిషనుతోనే పొద్దున మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకోబోయే ముందు వారంపాటు చూసి రాసుకుంటే డాక్టరుకు అదే పెద్ద ఆధారం. కాఫీ, చుట్ట, బీడీ ముట్టి అరగంట దాటాలి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఇంట్లో సగటు 135/85 అయితే, లేదా అది దాటితే చూపించుకోవలసిందే.

రాత్రి పోటు అనగానే చాలామంది చేసే పని, పొద్దున వేసుకునే మాత్రను రాత్రికి మార్చుకోవడం. 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక నివేదిక అలా మారిస్తే ఎంతో మేలని చెప్పింది. ఆ తర్వాత బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులతో ఐదేళ్లకు పైగా పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. పొద్దున వేసుకున్నవారికీ, సాయంత్రం వేసుకున్నవారికీ గుండెపోటులో గాని, పక్షవాతంలో గాని, మరణాల్లో గాని తేడా కనిపించలేదు. మరచిపోకుండా రోజూ ఒకే వేళకు వేసుకోవడమే కావలసింది. నీరు తీసే మాత్రను సొంతంగా రాత్రికి మార్చుకుంటే చీకట్లో నాలుగుసార్లు లేచి గడప తట్టుకుని పడేది మీరే.

చివరిగా చెరువుల కాపలావారి మాట. భీమవరం, ఆకివీడు, ఉండి పరిసరాల్లో వేలాది మంది రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా మేలుకుంటారు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయే వేళకు ఏరియేటర్లు ఆగకుండా చూడడం వారి పని. రొయ్యకు ఊపిరి ఆడుతోందో లేదో చూసేవారికి తమ ఊపిరి సంగతి పట్టదు. రాత్రి మేలుకుని పగలు పడుకునేవారిలో నిద్రవేళ పోటు తగ్గుదల మందగిస్తుందని పలు పరిశోధనల్లో తేలింది. వెలుతురులో, ఇంటి సందడిలో వచ్చే ఆ నిద్ర పొట్టిదీ, పలచనిదీ కూడా. టీల మీద టీలు, పక్కన మిక్చరు పొట్లం, తెల్లవారి పెందలాడే పెద్ద టిఫిను అదనం. వీరు 104 బండి దగ్గర గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని పోటు చూపించుకునేటప్పుడు తాము ఏ వేళ పడుకుంటారో ముందుగా చెప్పాలి. అడిగేదాకా ఆగనక్కర్లేదు. వారికి రాత్రి అంటే పట్టపగలేనని తెలిస్తేనే డాక్టరు ఆ అంకెను సరిగా చదవగలుగుతాడు.